గ్నోమ్ డెస్క్‌టాప్ చెడిపోయింది, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకుండా మొదటి స్థితికి తేవచ్చా? (పరిష్కారమైంది)

#1 నీలిసిరా

అందరికీ నమస్కారం. ఉబుంటు లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతున్నాను, మూడేళ్ళుగా ఒకే ఇన్‌స్టలేషన్. పోయిన వారం కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేశాక డెస్క్‌టాప్ రూపమే మారిపోయింది. పై బార్‌లో గడియారం తప్ప ఏమీ లేదు, వైఫై, వాల్యూమ్ ఐకాన్లు ఉండాల్సిన కుడి మూల ఖాళీ. సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కితే తెరిచిన విండోలన్నీ చూపే ఓవర్‌వ్యూ నాలుగైదు సెకన్లకు గానీ రాదు. ఫైల్స్ యాప్‌లో బటన్ల మీది అక్షరాలు ముదురు బూడిద మీద నలుపు, కళ్ళు చిట్లించి చదవాల్సి వస్తోంది.

థీమ్‌లు, ట్వీక్స్, డెస్క్‌టాప్‌కు అదనపు హంగులు చేర్చే ఎక్స్‌టెన్షన్లు పదిహేను దాకా, ఎప్పుడో ఎక్కడో చదివి కొట్టిన కమాండ్లు... ఇన్నేళ్ళలో ఏమేం మార్చానో నాకే గుర్తులేదు. గ్నోమ్ షెల్ ప్యాకేజీని పూర్తిగా తీసేసి మళ్ళీ ఎక్కించాను. పిసరంత మార్పు లేదు.

హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంది. దాన్ని అలాగే ఉంచి సిస్టమ్ వరకు మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటున్నాను. అంతకంటే తేలిక దారి ఉంటే చెప్పండి.

#2 వేగుచుక్క

అంత శ్రమ దేనికండీ. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, డాట్ లోకల్, డాట్ క్యాష్ అని మూడు దాచిన ఫోల్డర్లు ఉంటాయి. మూడూ డిలీట్ చేసి రీబూట్ చేయండి. రెండు నిమిషాల పని.

(సవరణ: ఈ సలహా పాటించకండి. కింద #4 చదవండి.)

#3 పాతకాపు

నీలిసిరా గారూ, ఆ పని చేయకండి. ఇన్‌స్టాలర్ కూడా పట్టుకోకండి. ముందు ఒక్క విషయం గమనించండి.

డెస్క్‌టాప్‌లో మీరు మార్చినదంతా మీ హోమ్‌లోనే ఉంటుంది. ప్యాకేజీలు ఉండేది స్లాష్ యూఎస్ఆర్ కింద. ప్యాకేజీ మేనేజర్ ఎవరి హోమ్‌నూ ముట్టుకోదు. మీరు షెల్ తీసేసి ఎక్కించినా ఏమీ మారకపోవడానికి కారణం అదే. హోమ్ ఉంచి సిస్టమ్ మళ్ళీ వేసినా ఇదే కథ: పూటంతా ఖర్చు పెట్టి, చివరికి లాగిన్ అయితే ఇదే ఖాళీ బార్ ఎదురొస్తుంది.

కాబట్టి మొదట తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోవాలి. సెట్టింగ్స్‌లో యూజర్స్ పేజీకి వెళ్ళి 'పరీక్ష' లాంటి పేరుతో కొత్త ఖాతా ఒకటి తెరవండి. మీ ఖాతా లాగ్ అవుట్ చేసి అందులోకి వెళ్ళండి. అక్కడ డెస్క్‌టాప్ శుభ్రంగా ఉంటే లోపం మీ సెట్టింగుల్లో ఉన్నట్టు, ఇంట్లో పనే. అక్కడా చెడిపోయి ఉంటే డ్రైవరో ప్యాకేజీయో, అది వేరే దారి. ఈ పరీక్ష చేయకుండా ఏదీ రీసెట్ చేయకండి.

#4 గోరింట

వేగుచుక్క గారి సలహా లాంటిదే రెండేళ్ళ కింద నేను ఒకచోట చదివి పాటించాను. డెస్క్‌టాప్ కొత్తదిలా వచ్చింది, నిజమే. తర్వాత మెయిల్ తెరిచాను. సర్వర్‌లో స్థలం చాలక ఎనిమిది నెలల ఉత్తరాలు 'ఈ కంప్యూటర్‌లో' అనే ఫోల్డర్లోకి మార్చుకున్నాను, అవి ఉండేది డాట్ లోకల్‌లోని షేర్ కింద. ఒక్కటీ మిగల్లేదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల కీరింగ్ అక్కడే, నేను వేసుకున్న ఫాంట్లు అక్కడే. క్రోమ్ ప్రొఫైల్, లిబ్రేఆఫీస్ సెట్టింగులు డాట్ కాన్ఫిగ్‌లో.

ఆ ఉత్తరాల్లో కొన్ని నాకు మళ్ళీ ఎవరూ పంపలేనివి. దయచేసి ఆ మూడు ఫోల్డర్లను డెస్క్‌టాప్ సెట్టింగులు మాత్రమే అనుకోకండి. సగం మీ జీవితం ఉంటుంది వాటిలో. డాట్ క్యాష్ ఒక్కటే కాస్త ధైర్యంగా ముట్టుకోదగ్గది.

#5 నీలిసిరా

కొత్త ఖాతా తెరిచి చూశాను. అద్దంలా ఉంది! ఐకాన్లు ఉన్నాయి, సూపర్ కీ వెంటనే పలుకుతోంది, ఫైల్స్‌లో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అంటే లోపం నా ఖాతాలోనే. ఇప్పుడేం చేయాలి?

గోరింట గారూ, మీరు చెప్పకపోతే ఈ పాటికి డిలీట్ కొట్టేసేదాన్ని. నా కీరింగ్ కూడా అక్కడే ఉంది.

#6 పాతకాపు

మంచిది. ఇక మూడు పనులు, ఈ వరుసలోనే.

ఇక్కడ కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టండి, ఖాళీలు నేను పెట్టిన చోటే పెట్టండి.

ముందు పాతది దాచుకోండి (డీకాన్ఫ్ అంటే గ్నోమ్ తన సెట్టింగులు దాచుకునే చోటు):

డీకాన్ఫ్ డంప్ / > పాతవి.టీఎక్స్‌టీ

గ్నోమ్ సెట్టింగులన్నీ ఆ ఫైల్లోకి మామూలు అక్షరాలుగా వస్తాయి. తెరిచి చూడండి, మీకే అర్థమవుతుంది. చదరపు బ్రాకెట్లలో విభాగం పేరు, దాని కింద వరుసగా మీరు మార్చినవి. మార్చనివి అందులో ఉండవు. అంటే మూడేళ్ళలో ఏం చేశారో గుర్తులేదన్నారు కదా, ఆ చిట్టా చాలావరకు ఇదే.

రెండోది, అసలు రీసెట్టు కంటే ముందు ఎక్స్‌టెన్షన్లన్నీ ఒక్కసారి ఆపి చూడండి:

జీసెట్టింగ్స్ సెట్ ఆర్గ్.గ్నోమ్.షెల్ డిసేబుల్-యూజర్-ఎక్స్‌టెన్షన్స్ ట్రూ

లాగ్ అవుట్ చేసి రండి. దీంతోనే నయమైతే రీసెట్ అక్కర్లేదు. నయం కాకపోతేనే మూడోది:

డీకాన్ఫ్ రీసెట్ -ఎఫ్ /ఆర్గ్/గ్నోమ్/

చివర స్లాష్ మరవకండి, అది ఉంటేనే ఆ దారి కింద ఉన్నవన్నీ అని అర్థం. మామూలు స్లాష్ ఒక్కటే ఇస్తే డీకాన్ఫ్ వాడే ప్రతి ప్రోగ్రామూ మొదటికి పోతుంది. మీకు అంత అవసరం లేదు.

ఈ కమాండ్లకు ముందు సూడో (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) పెట్టకండి. పెడితే రీసెట్ అయ్యేది రూట్ అనే అడ్మిన్ ఖాతా సెట్టింగులు, మీవి కావు.

#7 టీటీవై_మూడు

పాతకాపు గారు చెప్పినదానికి వెనకాల ఏం జరుగుతుందో రెండు మాటలు. తెలిస్తే భయం తగ్గుతుంది.

డీకాన్ఫ్ అనేది డాట్ కాన్ఫిగ్‌లో డీకాన్ఫ్ ఫోల్డర్లో 'యూజర్' అనే ఒకే ఒక ఫైలు. బైనరీ, ఎడిటర్‌లో తెరిస్తే చదవలేం. అందులో ఉండేది డిఫాల్ట్‌కు భిన్నంగా మీరు పెట్టుకున్న విలువలు మాత్రమే. డిఫాల్ట్‌లు స్లాష్ యూఎస్ఆర్ కింద స్కీమా ఫైళ్ళలో ఉంటాయి, వాటి మీద ఉబుంటు వాళ్ళు తమ మార్పుల్ని ఓవర్‌రైడ్ ఫైళ్ళతో కప్పుతారు. రీసెట్ అంటే కొత్తగా ఏదో రాయడం కాదు, మీరు రాసింది చెరపడం. చెరిపాక కింద ఉన్నది పైకి కనబడుతుంది. అందుకే ఉబుంటులో రీసెట్ చేస్తే ఎడమ పక్క డాక్‌తో ఉబుంటు రూపం వస్తుంది, ఫెడోరాలో చేస్తే ఫెడోరా రూపం వస్తుంది.

తెర మొత్తం నల్లబడి టెర్మినల్ కూడా తెరవలేని వాళ్ళు లాగిన్ తెర దగ్గరే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెర మీద అక్షరాల లాగిన్ వస్తుంది, దీన్నే టీటీవై అంటారు. అక్కడ మీ పేరుతో వెళ్ళి ఆ 'యూజర్' ఫైలు పేరును ఎంవీ కమాండ్‌తో 'యూజర్.పాత' అని మార్చేస్తే చాలు. పాతది కావాలంటే పేరు మళ్ళీ మార్చుకోవచ్చు. గ్రాఫికల్ సెషన్ నడుస్తుండగా మాత్రం ఆ ఫైలు ముట్టుకోకండి.

#8 నీలిసిరా

ఎక్స్‌టెన్షన్లు ఆపే కమాండ్ కొట్టగానే ఇలా వచ్చింది: 'స్లాష్ రన్ స్లాష్ యూజర్ స్లాష్ 1000 స్లాష్ డీకాన్ఫ్ స్లాష్ యూజర్ ఫైలు సృష్టించలేకపోయాం, పర్మిషన్ డినైడ్'. ముందు 'డీకాన్ఫ్ క్రిటికల్' అని ఉంది. ఏమీ మారలేదు. నా సెట్టింగులు రాయడానికి నాకే అనుమతి లేదా?

#9 టీటీవై_మూడు

ఎప్పుడైనా సూడో పెట్టి టెక్స్ట్ ఎడిటర్ లాంటి గ్రాఫికల్ ప్రోగ్రామ్ ఏదైనా తెరిచారా? అలా తెరిస్తే ఒక్కోసారి అది రూట్ పేరు మీద మీ స్థలంలో ఫైలు రాసేస్తుంది. తర్వాత ఆ ఫైలు మీది కాదు, మీరు ఏ సెట్టింగ్ మార్చినా నిలవదు.

ఎల్ఎస్ -ఎల్ కొట్టి ఆ ఫైలు యజమాని ఎవరో చూడండి. ఆ తర్వాత హోమ్ మొత్తంలో రూట్ పేరున ఏమున్నాయో వెతకండి:

ఫైండ్ ~ -యూజర్ రూట్

#10 నీలిసిరా

మీరన్నది నిజం. ఆ ఫైలు వరుసలో రెండుచోట్ల రూట్, రూట్ అని ఉంది. హోమ్‌లో వెతికితే డాట్ కాన్ఫిగ్ కింద డీకాన్ఫ్ ఫోల్డరూ రూట్ పేరునే ఉంది, ఇంకో మూడు ఫైళ్ళు కూడా. అప్‌గ్రేడ్ రోజున ఒక సిస్టమ్ ఫైలు మార్చడానికి సూడోతో ఎడిటర్ తెరిచాను. అది ఇంత పని చేస్తుందని తెలియదు.

#11 పాతకాపు

రన్ కింద ఉన్నది మెమరీలోది, రీబూట్ చేస్తే పోతుంది. హోమ్‌లో ఉన్నవి మాత్రం మీరు తిరిగి మీ పేరున రాసుకోవాలి. సూడో అవసరమయ్యేది ఇక్కడొక్కచోటే (ఇందులో -ఆర్ మాత్రం ఇంగ్లిష్ పెద్ద అక్షరం):

సూడో చౌన్ -ఆర్ మీపేరు:మీపేరు ~/.కాన్ఫిగ్/డీకాన్ఫ్

మిగతా మూడు ఫైళ్ళకూ అలాగే. తర్వాత రీబూట్ చేసి #6లో ఆగిన చోట నుంచి మొదలుపెట్టండి. ఇకమీదట సిస్టమ్ ఫైళ్ళకు టెర్మినల్‌లో నానో వాడండి, అది ఇలా మీ ఇంట్లో ఏమీ ఒలకబోయదు.

లాగిన్ కొట్టగానే మళ్ళీ లాగిన్ తెరకే తిరిగొచ్చే బాధ ఉన్నవాళ్ళు కూడా ఈ యజమాని సంగతే ముందు చూడండి. డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరున పడితే అలాగే జరుగుతుంది. డిస్క్ నిండినా అంతే, డీఎఫ్ -హెచ్ కొడితే తెలిసిపోతుంది.

#12 పళ్ళచక్రం

ఇదే చోట అడుగుతున్నాను, తప్పయితే చెప్పండి. నాది గ్నోమ్ కాదు, కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్. రెండో మానిటర్ తీసేశాక ప్యానెల్ మాయమైంది. డీకాన్ఫ్ రీసెట్ చేశాను, ఏమీ కాలేదు.

#13 గోరింట

కాదు మరి. ప్లాస్మాకు డీకాన్ఫ్‌తో పని లేదండీ. అది తన సెట్టింగుల్ని డాట్ కాన్ఫిగ్‌లో విడివిడి టెక్స్ట్ ఫైళ్ళుగా రాసుకుంటుంది. ప్యానెల్, విడ్జెట్లు ఉండేది 'ప్లాస్మా-ఆర్గ్' అని మొదలై 'యాప్లెట్స్‌ఆర్‌సీ' అని ముగిసే ఒక పొడుగు పేరున్న ఫైల్లో. రంగులు, ఫాంట్లు కేడీఈగ్లోబల్స్‌లో, విండోల ప్రవర్తన క్విన్‌ఆర్‌సీలో, షార్ట్‌కట్లు కేగ్లోబల్‌షార్ట్‌కట్స్‌ఆర్‌సీలో. ప్యానెల్ ఒక్కటే పోయింది కాబట్టి ఆ పొడుగు ఫైలు ఒక్కటే పేరు మార్చండి. లాగ్ అవుట్ అయ్యి టీటీవై నుంచి మార్చండి. లోపల ఉండగా మారిస్తే నడుస్తున్న షెల్ తన దగ్గరున్నదాన్నే మళ్ళీ రాసేయవచ్చు.

టెర్మినల్ వద్దనుకుంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో గ్లోబల్ థీమ్ పేజీలో బ్రీజ్ ఎంచుకుని, అప్లై చేసేటప్పుడు డెస్క్‌టాప్ లేఅవుట్ కూడా అన్న గడికి టిక్ పెట్టండి. ప్యానెల్ మొదటి రూపంలో వస్తుంది. అదే సిస్టమ్ సెట్టింగ్స్ మెనూలో మార్చిన సెట్టింగుల్ని గుర్తుపెట్టి చూపే ఎంపిక కూడా ఉంది. దాన్ని ఆన్ చేస్తే మీరు చెయ్యి పెట్టిన పేజీల పక్కన చుక్క కనబడుతుంది. నాకు అది చాలా ఇష్టం, గ్నోమ్‌లోనూ ఉంటే బాగుండేది.

#14 పళ్ళచక్రం

ప్యానెల్ వచ్చేసింది! ఫైలు పేరు మార్చి లాగిన్ అయ్యాను, అంతే. వాల్‌పేపర్, విడ్జెట్లు పోయాయి గానీ షార్ట్‌కట్లు, రంగులు చెక్కుచెదరలేదు. ధన్యవాదాలు గోరింట గారూ.

#15 నీలిసిరా

రీబూట్ చేశాను, ఈసారి కమాండ్లు కిమ్మనకుండా పనిచేశాయి. ఎక్స్‌టెన్షన్లు ఆపగానే పై బార్ ఐకాన్లు తిరిగొచ్చాయి, సూపర్ కీ చురుకైంది. పాతవి.టీఎక్స్‌టీ తెరిస్తే షెల్ విభాగంలో 'డిసేబుల్-ఎక్స్‌టెన్షన్-వెర్షన్-వాలిడేషన్' ట్రూ అని ఉంది. ఇది నేనే పెట్టానా?

మిగతావి కూడా గజిబిజిగా ఉన్నాయని ఆర్గ్ గ్నోమ్ మొత్తం రీసెట్ చేసేశాను. డాక్, వాల్‌పేపర్, ఫాంట్లు అన్నీ కొత్త ఖాతాలోలాగే వచ్చాయి. కానీ ఫైల్స్ యాప్‌లో బటన్ల మీద నల్ల అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

#16 పాతకాపు

ఆ వాలిడేషన్ మీట ఎప్పుడో ఒక పాత ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా నడిపించడానికి పెట్టుంటారు. అది ట్రూ అయితే ఈ గ్నోమ్ వెర్షన్‌కు పనికిరావని తెలిసినవి కూడా లోడ్ అవుతాయి. అప్‌గ్రేడ్ తర్వాత మీ బార్ ఖాళీ కావడానికి అదే మూలం అనుకుంటాను. రీసెట్‌తో పోయింది కాబట్టి దాన్ని మళ్ళీ పెట్టకండి.

నల్ల అక్షరాల సంగతి డీకాన్ఫ్‌ది కాదు. గ్నోమ్ 42 నుంచి, అంటే 2022 నుంచి, చాలా యాప్‌లు లిబ్‌అద్వైత అనే లైబ్రరీ మీదకు మారాయి. అవి మామూలు జీటీకే (గ్నోమ్ యాప్‌ల బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ) థీమ్‌లను పట్టించుకోవు. అందుకని థీమ్‌లు వేసేవాళ్ళు డాట్ కాన్ఫిగ్‌లో జీటీకే-4.0 అనే ఫోల్డర్ పెట్టి అందులో జీటీకే.సీఎస్ఎస్ అనే ఫైల్లో రంగులు రాస్తారు. డీకాన్ఫ్ రీసెట్‌కు ఆ ఫైలు ఉన్నట్టే తెలియదు. ఫైల్స్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే దాచినవి కనబడతాయి. జీటీకే-3.0, జీటీకే-4.0 రెండిట్లోనూ ఆ సీఎస్ఎస్ ఫైలు పేరు మార్చండి. ఫోల్డర్లు మొత్తం తీయకండి, ఫైల్స్ యాప్ బుక్‌మార్కులు జీటీకే-3.0లోనే ఉంటాయి.

#17 ఎలుకబొమ్మ

డీకాన్ఫ్‌కు తెలియని ఫైలు ఇంకొకటి: డాట్ కాన్ఫిగ్‌లో మానిటర్స్.ఎక్స్ఎంఎల్. తెర రిజల్యూషన్, ఏ మానిటర్ ఎటువైపు అన్నది గ్నోమ్ రాసుకునేది అక్కడ. రీసెట్ చేసినా తెర తప్పు సైజులో వస్తుంటే దాని పేరు మార్చండి.

నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడతాను కాబట్టి అటువైపు వాళ్ళ కోసం: మన సెట్టింగులు డాట్ కాన్ఫిగ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ4, ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ వరుసలో ఎక్స్ఎంఎల్ ఫైళ్ళుగా ఉంటాయి. అందరూ పడే పొరపాటు, లాగిన్ అయి ఉండగానే వాటిని తీసేయడం. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) అన్నిటినీ మెమరీలో పట్టుకుని ఉంటుంది, మీరు తీసిందాన్ని తిరిగి రాసేస్తుంది. 'మూడుసార్లు డిలీట్ చేశాను, మళ్ళీ అదే' అనేవాళ్ళందరి గోల ఇదే. పూర్తిగా లాగ్ అవుట్ అయ్యి టీటీవై నుంచి చేయండి.

ఇంకోటి. ఒకరోజు నా విండోలన్నిటికీ పైన టైటిల్ పట్టీ మాయమైంది. మూయడానికి లేదు, జరపడానికి లేదు. సెట్టింగులన్నీ రీసెట్ చేసినా అంతే. చివరికి చూస్తే డాట్ క్యాష్‌లో సెషన్స్ అనే ఫోల్డర్. లాగ్ అవుట్ అయ్యేటప్పుడు సెషన్ సేవ్ చేయమని టిక్ పెట్టాను, ఆ క్షణంలో విండో మేనేజర్ క్రాష్ అయి ఉంది. ఆ విండో మేనేజర్ లేని సెషన్నే ప్రతిసారీ శ్రద్ధగా తిరిగి తెరుస్తోంది పాపం. ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే బాగైపోయింది. అప్పటికప్పుడు గట్టెక్కాలంటే ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 --రీప్లేస్ కొడితే పట్టీలు వస్తాయి.

#18 వేగుచుక్క

గోరింట గారూ, మీ పోస్టు చదివాక #2 సవరించాను. నా మెషీన్‌లో ఏమీ పోలేదు కాబట్టి అందరికీ అంతే అనుకున్నాను. నేను మెయిల్ బ్రౌజర్‌లోనే చూస్తాను, పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసుకుంటాను. అందరి వాడకం అలా ఉండదని ఆలోచించాల్సింది. క్షమించండి.

ఒక సందేహం. సినమన్, మాటే డెస్క్‌టాప్‌ల వాళ్ళు కూడా డీకాన్ఫ్ దారేనా?

#19 టీటీవై_మూడు

అవును, రెండూ డీకాన్ఫే. దారి మాత్రం ఆర్గ్ తర్వాత గ్నోమ్ బదులు సినమన్ లేదా మాటే. మాటేలో ప్యానెల్ ఒక్కటే చెడితే 'మాటే-ప్యానెల్ --రీసెట్' సరిపోతుంది. సినమన్‌లో ప్యానెల్ మీద కుడి క్లిక్ చేసి ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే అన్నీ డిఫాల్ట్‌కు మార్చే ఎంపిక ఉంది.

#20 నీలిసిరా

సీఎస్ఎస్ ఫైళ్ళ పేర్లు మార్చాను. అక్షరాలు స్పష్టంగా, నిండుగా వచ్చాయి! వారం రోజుల తర్వాత ఫైళ్ళ పేర్లు కళ్ళు చిట్లించకుండా చదువుతున్నాను.

ఇప్పుడు పోగొట్టుకున్న వాటిలో మూడు కావాలి: టెర్మినల్ ప్రొఫైల్ రంగులు, నా సొంత షార్ట్‌కట్లు, తెలుగు కీబోర్డు. కీబోర్డు సెట్టింగ్స్‌లో మళ్ళీ చేర్చుకున్నాను. మిగతా రెండిటి కోసం పాతవి.టీఎక్స్‌టీ లోంచి ఆ విభాగాలు మాత్రం ఇంకో ఫైల్లోకి కాపీ చేసి 'డీకాన్ఫ్ లోడ్ / < కావలసినవి.టీఎక్స్‌టీ' అన్నాను. టెర్మినల్ రంగులు వచ్చాయి, షార్ట్‌కట్లు రాలేదు. కస్టమ్0, కస్టమ్1, కస్టమ్2 విభాగాలు మూడూ కాపీ చేశాను. ఏం తప్పు చేశాను?

#21 టీటీవై_మూడు

తప్పు కాదు, ఒక ముక్క మిగిలిపోయింది. ఆ మూడు విభాగాల పైన, మీడియా-కీస్ అని ముగిసే తల్లి విభాగం ఒకటుంటుంది చూడండి. అందులో కస్టమ్-కీబైండింగ్స్ అనే వరుసలో ఆ మూడింటి దారుల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేనిదాన్ని గ్నోమ్ పట్టించుకోదు. ఆ తల్లి విభాగం కూడా కాపీ చేసి మళ్ళీ లోడ్ చేయండి.

ఎక్స్‌టెన్షన్లు ఒక్కుమ్మడిగా తిరిగి ఆన్ చేయకండి. ముందు ప్రతిదీ కొత్త గ్నోమ్‌కు అప్‌డేట్ అయిందో లేదో చూడండి. గ్నోమ్ 45తో ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, అంతకు ముందు రాసి వదిలేసినవి ఇక నడవవు. మిగిలినవాటిని రెండేసి చొప్పున ఆన్ చేసి ఒక పూట వాడండి.

ఒక చిన్న సాధనం చెప్తాను. టెర్మినల్‌లో 'డీకాన్ఫ్ వాచ్ /' కొట్టి వదిలేయండి. మీరు సెట్టింగ్స్‌లో ఏ మీట నొక్కినా ఏ కీ మారిందో అక్కడ వరుసగా పడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఏదైనా మీకు తెలియకుండా సెట్టింగ్ మారుస్తుంటే అదీ దొరుకుతుంది.

#22 నీలిసిరా

షార్ట్‌కట్లు వచ్చాయి. పదిహేను ఎక్స్‌టెన్షన్లలో తొమ్మిదింటికి అప్‌డేట్లే లేవు, తీసేశాను. నాలుగు ఆన్ చేసి రెండు రోజులుగా వాడుతున్నాను, బార్ నిలకడగా ఉంది. మిగిలిన రెండు లేకపోయినా నాకు తేడా తెలియలేదు.

'పరీక్ష' ఖాతాను తీసేయలేదు, మళ్ళీ ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి ఉంచాను. ఇన్‌స్టాల్ కోసం తయారుచేసిన పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, అందులో పాతవి.టీఎక్స్‌టీతో పాటు నా కీరింగ్, ఫాంట్ల కాపీలు పెట్టుకున్నాను. పాతకాపు గారికి, టీటీవై_మూడు గారికి, గోరింట గారికి చాలా కృతజ్ఞతలు. శీర్షికలో పరిష్కారమైందని చేర్చాను.